కాలువ గట్టున రెండు భాషలు

యానాం పాఠకులకు పారిస్ పేరు తెలిసినంతగా లోరియాం పేరు తెలియదు. తెలియవలసినది నిజానికి ఆ పేరే. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ వారు 1666లో తమ ఓడలు కట్టుకోవడానికి ఫ్రాన్సు పడమటి తీరాన ఎంచుకున్న చోటు అది. తూర్పు దేశాలతో వర్తకం గనుక తూర్పు అనే అర్థం వచ్చే పేరే ఊరికి నిలిచింది. పద్ధెనిమిదో శతాబ్దంలో కోరమాండల్ తీరపు బట్టలు మూటలు మూటలుగా దిగింది ఆ రేవులోనే. ఎదుటి ఒడ్డున పోర్-లూయీ కోటలో ఈనాడు ఆ కంపెనీ చరిత్ర చెప్పే మ్యూజియం ఉంది.

ఆ రేవులోకి బ్లావే అనే నది వచ్చి కలుస్తుంది. ఈ వ్యాసం ఆ నది వెంట ఎగువకు పోయే సైకిలు దారి గురించి. నేను ఆ దారిన సైకిలు తొక్కినవాణ్ణి కాను. పటం ముందు పెట్టుకుని, పుస్తకాలు పక్కన పెట్టుకుని తిరిగినవాణ్ణి మాత్రమే. ఆ ఊళ్ళ పేర్లు చదువుతుంటే పరాయి దేశం సంగతిలా అనిపించలేదు. అందుకే రాస్తున్నాను.

ఎన్‌బొం అనే పాత కోట ఊరి దగ్గర గట్టెక్కితే, నది పక్కనే పొంతివీ దాకా సుమారు అరవై కిలోమీటర్లు చదునైన బాట. దారిలో ఒక కొండచరియ కింద, రాతినే సగం కప్పుగా చేసుకుని కట్టిన సెయింట్ గిల్దాస్ ప్రార్థనాలయం ఉంది. కొంత కొంత దూరానికి ఒక లాకు, లాకు పక్కన లాకు కాపలాదారు ఇల్లు. లాకు అంటే ఏమిటో గోదావరి కాలువల మీద పడవ ప్రయాణం చేసిన పెద్దలున్న ఇళ్ళలో చెప్పనక్కరలేదు. సైకిలు నడిచే ఈ బాట సైకిలు కోసం వేసింది కాదు. పడవకు తాడు కట్టి మనుషులూ గుర్రాలూ లాగుతూ నడిచిన గట్టు ఇది.

పొంతివీలో ఈ బాట నాంత్ నుంచి బ్రెస్త్‌కు పోయే పెద్ద కాలువను కలుస్తుంది. ఆ కాలువ పుట్టుక యుద్ధంలో ఉంది. నెపోలియన్ కాలంలో ఇంగ్లీషు నౌకాదళం బ్రెస్త్ రేవును సముద్రం వైపు నుంచి దిగ్బంధం చేసింది. అక్కడి ఆయుధాగారానికి సరుకు చేరాలంటే భూభాగం మధ్యనుంచి నీటిదారి కావాలి. 1811లో పని తలపెట్టారు. పూర్తయ్యేసరికి 1842 వచ్చింది. అప్పటికి నెపోలియన్ చనిపోయి ఇరవై ఒక్క ఏళ్ళు. ఇంగ్లీషువాళ్ళ దిగ్బంధమూ లేదు, ఆ యుద్ధమూ లేదు. మిగిలింది సుమారు 360 కిలోమీటర్ల కాలువ, 230 పైచిలుకు లాకులు. అందులో ఎక్కువ భాగం తవ్వినది కాదు, ఎర్ద్ర్, ఊస్త్, బ్లావే, ఓల్న్ వంటి నదులనే లాకులతో మెట్లు మెట్లుగా కట్టి, ఒక లోయకూ మరొక లోయకూ మధ్య మాత్రం తవ్వి కలిపారు.

ఆ తవ్విన చోట్లే అసలు కథ. గ్లొమెల్ అనే ఊరి దగ్గర కొండను మూడు కిలోమీటర్ల పొడవున, ఇరవై మీటర్లకు మించిన లోతున చీల్చారు. 1823 నుంచి 1832 దాకా ఆ పని ఖైదీలచేత చేయించారు. వానలూ, బురదా, జ్వరాలూ. ఈ రోజున ఆ చీలిక రెండు వైపులా చెట్లు గుబురుగా పెరిగి, ఎండాకాలం సైకిలు మీద వచ్చేవారికి చల్లటి నీడనిస్తుంది. యాత్రికుల పుస్తకాలు ఆ నీడను మెచ్చుకుంటాయి. తవ్వినవాళ్ళ గురించి ఒక వాక్యం రాస్తాయి. నెపోలియన్ సైనిక కేంద్రంగా చేయదలచి తన పేరు పెట్టించిన పొంతివీ ఊళ్ళో మాత్రం ఆయన గీయించిన తిన్నని వీధులు, పాత ఊరి వంకర సందుల పక్కన, ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

యుద్ధానికి పనికిరాకపోయినా కాలువ ఊళ్ళకు పనికివచ్చింది. పడమటి గనుల స్లేటు రాయి తూర్పుకు వెళ్ళింది. పులుపెక్కిన అక్కడి నేలలకు సున్నం చేరింది. 1865లో రైలు బ్రెస్త్‌కు చేరాక పడవల బేరం తగ్గసాగింది. 1920లలో గెర్లెదాన్ దగ్గర విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి కాలువను అడ్డంగా నరికేశారు. అనేక లాకులు నీట మునిగాయి. 1957లో పడమటి భాగాన్ని నౌకాయానపు జాబితా నుంచి అధికారికంగా తొలగించారు. 2015లో తనిఖీ కోసం ఆ జలాశయాన్ని ఖాళీ చేసినప్పుడు, ఎనభై ఏళ్ళ పైన బురదలో ఉన్న లాకులూ, కాపలాదారుల ఇళ్ళ గోడలూ బయటపడ్డాయి. వాటిని చూడటానికి జనం లక్షల్లో వచ్చారు. తరువాత మళ్ళీ నీళ్ళు నింపారు.

ఇక భాష సంగతి. బ్రెతాన్ అనే ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారు బ్రిటనీ అంటారు. దాని పడమటి సగంలో జనం మాట్లాడుతూ వచ్చింది ఫ్రెంచి కాదు, బ్రెతోన్. అది వేల్సు భాషకు అక్కచెల్లెలు. క్రీస్తుశకం అయిదు, ఆరు శతాబ్దాల ప్రాంతంలో సముద్రం దాటి వచ్చిన వలసజనం తెచ్చుకున్నది. తూర్పు సగంలో గాలో అనే మాట ఉంది, అది ఫ్రెంచికి దగ్గరి చుట్టం. ఈ రెంటి మధ్య సరిహద్దు పొంతివీకి కాస్త తూర్పుగా కాలువను దాటుతుంది. అక్కడ కంచె లేదు, రాయి లేదు. సైకిలు మీద పోయేవాడికి తెలిసేది ఊరి పేర్ల వల్లనే. తూర్పున పెయాక్, మిసిరియాక్ అంటూ ‘ఆక్’తో ముగిసే పేర్లు. పడమట ‘ప్లూ’ అంటే చర్చి పరిధిలోని ఊరు, ‘కేర్’ అంటే ఇంటిగుంపు, ‘లాన్’ అంటే పుణ్యస్థలం. అలా మొదలయ్యే పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన పల్లె, పాడు, వరాలు గుర్తుకు రాక మానవు. అన్నట్టు పొంతివీని బ్రెతోన్‌లో ‘పొందీ’ అంటారు. ఏదో మన పాండిచేరి బస్సు కేక విన్నట్టుంటుంది.

ఆ పేర్లు పలికిన పిల్లలకు బడిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దాకా, బడి ఆవరణలో బ్రెతోన్ మాట నోట వస్తే ఆ పిల్లవాడి మెడలో ఒక చెక్క ముక్కో, పాత చెప్పో వేలాడదీసేవారు. దాన్ని వదిలించుకునే దారి ఒక్కటే. అదే తప్పు చేసిన మరొక పిల్లవాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి మెడలో మిగిలితే వారికి శిక్ష. దెబ్బకన్నా ఈ పద్ధతే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. తోటివాణ్ణి పట్టివ్వడం నేర్చిన పిల్లలు పెద్దయ్యాక తమ బిడ్డలతో ఆ భాషలో మాట్లాడటం మానేశారు. ఎవరూ బలవంతం చేయనక్కరలేకపోయింది. 1950 ప్రాంతంలో పది లక్షలకు పైగా ఉన్న బ్రెతోన్ మాట్లాడేవారు 2018 సర్వే నాటికి సుమారు రెండు లక్షలు, 2024 సర్వేలో సుమారు లక్షా ఏడు వేలు.

ఈ తగ్గుదల జరుగుతున్న ఏళ్ళలోనే సైకిలు యాత్ర పెరిగింది. 1887లో సెయింత్-ఎతియెన్ పట్టణంలో సైకిలు పత్రిక పెట్టిన పోల్ ద వివీ, పందెం కోసం కాక దేశం చూడటం కోసం తొక్కాలని ప్రచారం చేశాడు. అప్పటికి లోకం మోజు పందెం మీదే. 1891లో పారిస్ నుంచి బ్రెస్త్‌కు వెళ్ళి తిరిగివచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోం డెబ్భై ఒక్క గంటల పైచిలుకులో గెలిచాడు. అంత వేగంలో ఏ ఊరి పేరు చదివి ఉంటాడు? 1936లో కూలివారికి జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టమయ్యాక, మామూలు జనం సైకిళ్ళెక్కి పల్లెల వైపు వచ్చారు.

ఇవాళ సముద్రతీరపు రోస్కోఫ్ నుంచి స్పెయిను సరిహద్దు దాకా 2012లో తెరిచిన పొడవాటి సైకిలు మార్గం ఒకటి ఉంది. అది మోర్లే నుంచి కారే ఊరిదాకా 1967లో మూసేసిన చిన్నగేజి రైలు కట్ట మీద వస్తుంది. కారే దాటాక కాలువ గట్టు అందుకుంటుంది. కాలువను రైలు చంపింది, చిన్న రైలును లారీలూ బస్సులూ చంపాయి, రెండింటి మీదా ఇప్పుడు సైకిలు పోతోంది. లాకు కాపలాదారుల ఇళ్ళు కొన్ని కాఫీ కొట్లయ్యాయి. ఊరి పొలిమేర బోర్డులు రెండు భాషల్లో ఉన్నాయి. అయితే బోర్డు చదివి సంతోషించేది ఎక్కువగా దూరాన్నుంచి వచ్చిన యాత్రికుడు. బోర్డు మీదికి ఎక్కిన భాష ఇంట్లో కూడా ఉందని అనుకోవడం పొరపాటు. సరిహద్దు ఊళ్ళలో ఉన్న మనకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు.

కారే ఊళ్ళో మాత్రం బోర్డుకన్నా గట్టిది ఒకటుంది. 1977లో కొందరు తల్లిదండ్రులు కలిసి బ్రెతోన్‌లోనే చదువు చెప్పే బడులు మొదలుపెట్టారు. వాటికి ‘దివాన్’ అని పేరు. మన దివాను కాదు, వాళ్ళ భాషలో మొలక అని అర్థం. ఆ బడుల హైస్కూలు 1999లో కారేకు మారింది. 1992లో రిపబ్లిక్కు భాష ఫ్రెంచి అని రాజ్యాంగంలో రాశారు. 2008లో ప్రాంతీయ భాషలు దేశ వారసత్వంలో భాగమని మరొక వాక్యం చేర్చారు. 2021లో, ఆ భాషల్లో పూర్తిగా బోధన జరిపే పద్ధతిని అనుమతించిన చట్టభాగాన్ని రాజ్యాంగ మండలి కొట్టేసింది. బడి మాత్రం మూతపడలేదు. కాలువ గట్టుకు అది కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. సైకిలు దారి దగ్గరినుంచే పోతుంది.