ఇరువదియొకటి ఆట: కానుక, కోత

పేకాటలో ఒక నియమము మారినచో చూచువారికి ఆట మాత్రమే మారినట్లు తోచును. కాని దానితోపాటు లాభనష్టముల లెక్కయు మారును. ఈ సంగతిని తేటపరచుటకు ‘ఇరువదియొకటి’ ఆట చరిత్రను శ్రోతల ముందుంచుచున్నాము.

ఆట పాతది. స్పెయిను రచయిత సెర్వాంటిస్ 1613లో ప్రకటించిన కథలలో ఒకదానియందు ఈ ఆటలో ఆరితేరిన మోసగాడొకడు కానవచ్చును. ఫ్రెంచివారును తమ భాషలో దీనిని ఇరువదియొకటి అనియే పిలిచిరి. అమెరికాలో దీనికి ‘బ్లాక్‌జాక్’ అను పేరు స్థిరపడెను.

ముక్కల విలువల మొత్తము 21ని సమీపింపవలెను, మించరాదు. రాజు, రాణి, జాకీలకు పదేసి. ఆసునకు 1 గాని 11 గాని విలువ. మొదటి రెండు ముక్కలలోనే ఆసు, పదివిలువ ముక్క కలిసి వచ్చినచో అది బ్లాక్‌జాక్. దానికి 10 డాలర్ల పందెముపై 15 డాలర్లు చెల్లించుట సంప్రదాయము.

1956లో అమెరికా సైన్యమునందలి బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అను నలుగురు లెక్కయంత్రముల సాయమున ఈ ఆటకు ఉత్తమమైన రీతిని గణించి ప్రకటించిరి. పిదప గణితశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్ప్ కంప్యూటరుతో పరిశోధించి 1962లో గ్రంథము వెలువరించెను. కట్టలో పదివిలువ ముక్కలు ఎక్కువగా మిగిలినప్పుడు ఆటగానికి, తక్కువైనప్పుడు జూదగృహమునకు అనుకూలమని ఆయన చూపెను. 1964లో లాస్ వేగాస్ జూదగృహములు పందెము రెట్టింపునకు, ఆసులను విడదీసి ఆడుటకు ఆంక్షలు పెట్టెను. ఆటగాండ్రు రాక తగ్గినందున అచిరకాలముననే పాత నియమములను పునరుద్ధరింపవలసి వచ్చెను.

బాహాటముగా బిగించిన నియమము గిరాకిని చెడగొట్టునని ఇందువలన తెలిసినది. 1995లో వచ్చిన ‘స్పానిష్ 21’ మార్గము వేరు. ఇందు ప్రతి కట్టనుండియు పది అంకె గల నాలుగు ముక్కలను తీసివేయుదురు. 52 ముక్కలలో 16గా నుండిన పదివిలువ ముక్కలు, 48లో 12 మాత్రమే అగును. ఒక్క కట్టను లెక్కకు తీసికొన్నచో, సుమారు 21 పంపకములకొకసారి రావలసిన బ్లాక్‌జాక్ 23, 24 పంపకములకొకసారి వచ్చును.

దీనికి బదులుగా ఇచ్చు కానుకలు అనేకము. ఆటగాని 21 ఎప్పుడును గెలుచును. ఐదు ముక్కలతో 21 అయినచో రెండింటికి మూడు, ఆరు ముక్కలతో ఒకటికి రెండు, ఏడు లేక అంతకు మించిన ముక్కలతో ఒకటికి మూడు చొప్పున చెల్లింతురు. 6, 7, 8 గాని మూడు ఏడులు గాని వచ్చినచో రెండింటికి మూడు; అన్నియు ఒకే గుర్తువైనచో ఒకటికి రెండు; ఇస్పేటులైనచో ఒకటికి మూడు. ఇన్ని కానుకలు పొందుచు, తప్పులేక ఆడినను, సాధారణ నియమములలో గృహమునకు నూటికి ఒకటికి లోపుగా భాగము మిగులుచునే యుండును. తప్పులాడువాడు అంతకంటె ఎక్కువ ఇచ్చుకొనును.

నేడు పలు బల్లలయందు మామూలు బ్లాక్‌జాక్‌కే 15 డాలర్లకు బదులు 12 మాత్రమే ఇచ్చుచున్నారు. చూచుటకు అల్పమైన ఈ 3 డాలర్ల కోతవలన గృహలాభము పందెములపై నూటికి సుమారు 1.4 మేర పెరుగును.

కావున బల్లపై వ్రాసిన బహుమానములను మాత్రమే చదివినవాడు సగము లెక్కయే చదివినవాడు. తక్కిన సగము కట్టలో లేని ముక్కలయందున్నదని మా అభిప్రాయము.