ఊట నీరు, పూర్వికుల నేల: మధ్య ఆస్ట్రేలియాలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ చరిత్ర – ఒక పరిశీలన

దక్షిణాంధ్ర లూథరన్ సంఘ చరిత్ర చదివినవారికి హెర్మన్స్‌బర్గ్ అనే పేరు కొత్త కాదు. జర్మనీలోని ఆ పల్లెలో లూయీ హార్మ్స్ 1849లో స్థాపించిన మిషన్ సంస్థ 1860వ దశకంలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు మిషనరీలను పంపింది. అదే సంస్థలో తర్ఫీదు పొందినవారు 1877లో ఆస్ట్రేలియా నడిమధ్యన మరొక కేంద్రాన్ని నెలకొల్పి, దానికీ ఆ పల్లె పేరే పెట్టారు. అక్కడి అరండ ప్రజలు ఆ స్థలాన్ని అప్పటికే ఎన్‌తారియా అని పిలిచేవారు. మారుమూల ఆదివాసుల మధ్య బావి, బడి, ఇల్లు, దారి ఎక్కడ ఉండాలో నిర్ణయించవలసినది ఎవరు? ఒకే స్థలానికి ఉన్న ఈ రెండు పేర్ల చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

1. నేల ఎవరిది?

కెంపె, ష్వార్జ్ అనే ఇద్దరు మిషనరీలు 1875 అక్టోబరులో దక్షిణ ఆస్ట్రేలియాలోని బెథనీ నుండి గొర్రెలు, పశువులతో బయలుదేరారు. కరవు వలన దారిలో నెలల తరబడి ఆగి, 1877 జూన్‌లో ఫింక్ నది ఒడ్డుకు చేరారు. అది ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరం. ఆ భూమిని ప్రభుత్వం మిషన్‌కు కౌలుకిచ్చింది. ఆ ఒప్పందంలో అరండలకు పాత్ర లేదు.

అయితే అది యజమానులు లేని నేల కాదు. ప్రతి కొండకు, ప్రతి నీటిగుంటకు బాధ్యులైన కుటుంబాలు ఉండేవి. వానలను బట్టి, వేటను బట్టి వారు తమ నేలమీద తిరిగేవారు. మిషన్ వచ్చాక గుడి, బడి, రేషన్ ఒకేచోట ఏర్పడ్డాయి. చుట్టుపక్కల పశువుల పెంపకందార్లు, పోలీసులు జరిపిన హింసనుండి పారిపోయి వచ్చినవారికి మిషన్ ఆశ్రయమైంది. ఈ మేలును చరిత్రకారుడు కాదనలేడు. కానీ ఆశ్రయం పొందినవారిలో అనేకులు ఇతరుల నేలమీద అతిథులుగా మిగిలారు.

2. కపొరిల్యా నీరు

1920వ దశకం చివర తీవ్రమైన కరవు వచ్చింది. తాజా కూరగాయలు లేక స్కర్వీ వ్యాధి వ్యాపించి అనేకమంది పిల్లలు చనిపోయారు. 1926లో వచ్చిన ఎఫ్. డబ్ల్యు. ఆల్బ్రెక్ట్ పాస్టరుగారు, సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని కపొరిల్యా ఊటనుండి గొట్టాలద్వారా నీరు తెస్తే తప్ప జనం బ్రతకరని గ్రహించారు. మెల్‌బోర్న్‌కు చెందిన చిత్రకారిణి వయొలెట్ టీగ్, ఆమె సోదరి ఊనా 1934లో చిత్రప్రదర్శన ఏర్పాటుచేసి నిధులు సమకూర్చారు. అరండ పురుషులు గట్టినేలలో కాలువ తవ్వారు. 1935లో నీరు వచ్చింది, తోట పచ్చబడింది. నేటికీ సంఘం ఏటా ఆ దినాన్ని కృతజ్ఞతతో జ్ఞాపకం చేసుకుంటుంది.

అయితే ఈ గొట్టం ప్రాణాలను కాపాడటంతోపాటు జనం ఎక్కడ నివసించాలో కూడా స్థిరపరచింది. నీరు ఎక్కడ ఆగితే ఊరు అక్కడే. ఆల్బ్రెక్ట్ దీనిని గ్రహించకపోలేదు. పడమటి ఎడారి ప్రజలు తమ నేలలు వదిలి రాకుండా ఉండటానికి హాస్ట్స్ బ్లఫ్ ప్రాంతాన్ని వారికే ప్రత్యేకించాలని ఆయన కోరారు. 1940వ దశకం ఆరంభంలో అది నెరవేరింది.

అయినా చట్టం మారలేదు. ఈ మిషన్‌లోనే పుట్టిన చిత్రకారుడు ఆల్బర్ట్ నమాచిరా ఆ నేల అందాన్ని దేశమంతటికీ చూపించాడు. కానీ అతడు పశువుల మేతకు భూమి కౌలుకు అడిగితే దొరకలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకునే ప్రయత్నమూ సాగలేదు.

3. హక్కు వచ్చింది, వసతులు రాలేదు

ఉత్తర తీరాన యోల్ఙు ప్రజలు మైనింగుకు వ్యతిరేకంగా వేసిన దావాను న్యాయస్థానం 1971లో తోసిపుచ్చింది. దాని ఫలితంగా ఏర్పడిన విచారణ సంఘం సిఫార్సులతో 1976లో నార్తర్న్ టెరిటరీ ఆదివాసుల భూహక్కుల చట్టం వచ్చింది. ఈ భూమిని అమ్మడానికి వీలులేదు. కౌలుకివ్వాలంటే సంప్రదాయ యజమానుల సమ్మతి కావాలి. 1982లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ భూమి అరండ ప్రజల చేతికి తిరిగి వచ్చింది.

అంతకుముందే, 1970వ దశకంలో, అనేక కుటుంబాలు కిక్కిరిసిన మిషన్ ఊరు విడిచి తమతమ పూర్వికుల నేలలకు తరలసాగాయి. లూథరన్ సంఘం వారిని ఆపలేదు, సహాయపడింది. ఒక బోరు, ఒక ట్యాంకు, కొన్ని రేకుల ఇళ్లు, ఒక మట్టిదారి – చిన్న నివాసానికి కావలసినవి ఇవే. వాటిని ఎక్కడ అమర్చాలో మొదటిసారి ఆ కుటుంబమే చెప్పింది.

ఈ మార్గం నిలకడగా సాగలేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం అత్యవసర చట్టంతో అనేక ఆదివాసీ గ్రామాలను ఐదేళ్లపాటు తప్పనిసరి కౌలుకింద తీసుకుంది. 2009లో టెరిటరీ ప్రభుత్వం 20 గ్రామాలను అభివృద్ధి పట్టణాలుగా ఎంపిక చేసింది; వాటిలో ఎన్‌తారియా ఒకటి. చిన్న నివాసాలకు మాత్రం కొత్త ఇళ్లు లేవన్నారు. దూరంగా ఉన్న ప్రతి నాలుగు కుటుంబాలకు నీరు, కరెంటు, బడి ఇవ్వడం ఖర్చుతో కూడిన పని అనేది వారి వాదన. ఆ ఖర్చు నిజమే. కానీ భూమి పత్రం ప్రజల చేతిలో ఉండి, గొట్టం ఎటు వెళ్లాలో మరొకరు నిర్ణయిస్తే, ఆ హక్కు సగమే.

4. మన సంఘాలకు పాఠం

ఆదికాండము 26లో ఇస్సాకు బావుల వృత్తాంతం మనకు తెలిసినదే. నీటికోసం జరిగిన ఆ జగడం నిజానికి ఎవరు ఎక్కడ నిలవాలనే జగడం. మన ఏజెన్సీ ప్రాంతాలలో కూడా సంఘాలు బోర్లు వేయించాయి, బడులు, హాస్టళ్లు కట్టించాయి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షను 3(2) ప్రకారం, మంచినీటి గొట్టాలు, బడులు, దారులవంటి వసతులకు ప్రభుత్వం అటవీభూమి ఇవ్వాలన్నా గ్రామసభ సిఫార్సు ఉండాలి. ప్రభుత్వానికే ఈ నియమం ఉన్నప్పుడు, సేవ పేరిట వెళ్లే సంఘం అంతకంటె తక్కువ జాగ్రత్తతో వెళ్లరాదు.

ఆల్బ్రెక్ట్ గొట్టం వేయకపోతే ఇంకా అనేకులు చనిపోయేవారు. కనుక వసతులు కల్పించడం మానుకోవడం ఈ చరిత్ర పాఠం కాదు. ఎన్‌తారియా అనే పేరు తెలిసినవారిని ముందుగా అడగాలి. వారు చూపిన చోట తవ్వాలి. తవ్విన తరువాత తాళంచెవి వారికే అప్పగించాలి. హెర్మన్స్‌బర్గ్ సంఘానికి ఈ మూడు పనులు నేర్చుకోవడానికి సుమారు నూరేళ్లు పట్టింది. ఆ చరిత్ర తెలిసిన మనకు అంత కాలం పట్టనవసరం లేదు.