యేనా నుంచి అరకు దాకా భాషల వంశవృక్షం

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పే ఆగస్ట్ ష్లైషర్‌కు తోటపని అంటే ప్రాణం. అది తెలిసిన సహోద్యోగి ఎర్నెస్ట్ హేకెల్, డార్విన్ పుస్తకం జర్మన్ అనువాదాన్ని చదివి తీరాలని పట్టుబట్టాడు. చదివిన ష్లైషర్ 1863లో హేకెల్‌కు బహిరంగ లేఖగా ఓ చిన్న పుస్తకమే రాశాడు. జీవుల గురించి డార్విన్ చెప్పింది భాషలకూ వర్తిస్తుందని దాని సారాంశం. నిజానికి డార్విన్ కంటే ముందే, 1853లోనే, ఇండో-యూరోపియన్ భాషలకు ఆయన వంశవృక్షం గీశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. భాష మనిషి ఇష్టంతో పనిలేకుండా పుట్టి, పెరిగి, క్షీణించే ప్రాణి అన్నాడు. మనుగడ పోరులో గెలుస్తున్నవి ఇండో-యూరోపియన్ భాషలేనన్నాడు. ఓడలూ సైన్యాలూ తెచ్చిన ఆధిపత్యాన్ని ప్రకృతి తీర్పుగా చూపడమే ఇది. పరిణామ సిద్ధాంతం జీవశాస్త్రం గడప దాటాక ఈ పొరపాటు ఎన్నోసార్లు జరిగింది, ఎంతో హాని చేసింది. ఆయన శిష్యుడు యోహాన్నెస్ ష్మిట్ 1872లో చెట్టు బొమ్మనే ప్రశ్నించాడు: మార్పులు పొరుగు భాషల్లోకి అలల్లా పాకుతాయి, కొమ్మల హద్దులు వాటికి పట్టవు.

చెట్టునూ అలనూ కలిపి చూసిన పని మన భద్రిరాజు కృష్ణమూర్తిది. అరకు ప్రాంతపు కొండ భాషకు 1969లో వ్యాకరణం వెలువరించిన పండితుడాయన. తెలుగు, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ ద్రావిడ భాషా కుటుంబంలో ఒకే శాఖ. ఈ శాఖలో మాట మొదటి అచ్చు, దాని పక్క హల్లు చోటు మార్చుకున్నాయి. తమిళుల ‘ఉరల్’ మనకు ‘రోలు’ అయింది అలాగే. ఈ మార్పు అన్ని మాటలకూ ఒక్కసారే రాలేదు, ఒక్కొక్క మాటనే పట్టుకుంటూ పాకింది. మారకుండా మిగిలిన మాటలనే సాక్ష్యంగా తీసుకుని 1983లో ఆయన, లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ తెలుగు కాక మిగిలిన ఆరు భాషల చుట్టరికం లెక్కగట్టారు. ఆరు భాషలకు రెండేసి కొమ్మలుగా చీలే చెట్లు 945 గీయవచ్చు. ఒకే మార్పు విడివిడిగా ఎన్నోసార్లు జరిగిందనుకోవలసిన అవసరం ఏ చెట్టుకు అతి తక్కువో, దాన్నే ఎంచుకోవాలి. జీవజాతుల చెట్లు గీసేవాళ్లు వాడే సూత్రాల్లో ఇదొకటి. ఇందులో గెలుపోటములు లేవు. కొద్దిమందే మాట్లాడే మండ సాక్ష్యానికి గోండి సాక్ష్యమంత విలువ ఉంది.

2018లో మరో బృందం 20 ద్రావిడ భాషల నుంచి వందేసి మాటలు తీసుకుని, జీవశాస్త్రం నుంచి వచ్చిన గణాంక పద్ధతులతో ఈ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని అంచనా వేసింది. కంప్యూటర్‌కు ఇచ్చేముందు, ఏ మాట వారసత్వమో ఏది అరువో పండితులు ఒక్కొక్కటిగా తేల్చవలసిందే.