చిగుళ్ళ వ్యాధి, చికిత్స

పంటి చుట్టూ ఉండే చిగురుకూ, అడుగున పంటిని పట్టి ఉంచే నారకూ, ఎముకకూ వచ్చే జబ్బును చిగుళ్ళ వ్యాధి అంటారు. ఇందులో రెండు దశలున్నాయి. మొదటిది జింజివైటిస్. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. సరిగా శుభ్రం చేస్తే ఇది పూర్తిగా నయమవుతుంది. రెండోది పెరియోడాంటైటిస్. జనం పయోరియా అనేది దీన్నే. ఈ దశలో ఎముక కరిగి పళ్ళు కదులుతాయి. జబ్బును ఇక్కడైనా ఆపవచ్చు గానీ, కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

మూలం పాచి. పంటి మీద పేరుకునే ఈ మెత్తటి సూక్ష్మజీవుల పొరను రోజూ తీసేయకపోతే, లాలాజలంలోని లవణాలు చేరి గారగా గట్టిపడుతుంది. ఆ తర్వాత అది బ్రష్‌కు లొంగదు.

పాచికీ చిగుళ్ళ వాపుకూ ఉన్న సంబంధాన్ని 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం తేల్చి చూపింది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్ళు తోముకోవడం మానేస్తే, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజుల్లోనే వాపు తగ్గింది. శ్రీలంక తేయాకు తోటల్లో దంత వైద్యం అందని 480 మంది కార్మికులను కూడా ఆయన బృందం 1970 నుంచి 15 ఏళ్ళపాటు పరిశీలించింది. వారిలో సుమారు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరింది. 81 శాతం మందికి ఓ మోస్తరుగా పెరిగింది. 11 శాతం మందికి మాత్రం జింజివైటిస్ దాటి పోలేదు. అంటే శుభ్రతతో పాటు శరీర తత్వానికీ ఇందులో పాత్ర ఉంది.

బెంగళూరులో ఈ వైద్యానికి ప్రభుత్వ ఆసరా 1958 నుంచీ ఉంది. విక్టోరియా ఆసుపత్రి దగ్గర, కె.ఆర్. మార్కెట్‌కు చేరువలో ఆ ఏడాది మొదలైన ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు రోగులకు చికిత్స చేస్తారు. నగరంలోని ప్రైవేటు దంత కళాశాలల్లోనూ ఇదే పద్ధతి కాబట్టి, క్లినిక్‌ల కన్నా ఖర్చు తక్కువ.

పరీక్ష సులువే. మిల్లీమీటర్ల గీతలున్న మొండి మొన పుల్లను పంటికీ చిగురుకూ మధ్య మెల్లగా దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే మామూలే. అంతకు మించి దిగితే, రక్తం కనిపిస్తే, ఎక్స్‌రేతో ఎముక స్థితి చూస్తారు. తర్వాత స్కేలింగ్: నీళ్ళు చిమ్ముతూ కంపించే యంత్రపు మొన గారను పెచ్చులుగా ఊడగొడుతుంది. చిగురు కిందికి జబ్బు దిగితే వేరును కూడా శుభ్రం చేస్తారు. అప్పటికీ లోతు తగ్గకపోతే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయని చాలామంది భయపడతారు. నిజానికి పళ్ళను వదులు చేసింది జబ్బే. సందుల్లో నిండిన గార పోయి, వాపు తగ్గేసరికి ఆ ఖాళీలు బయటపడతాయి, అంతే.

మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ వ్యాధి త్వరగా ముదురుతుంది. చిగుళ్ళు బాగుపడితే చక్కెర అదుపు కూడా కొంత మెరుగవుతుంది. పొగతాగేవాళ్ళలో రక్తస్రావం బయటికి కనిపించకపోవడంతో జబ్బు లోలోపలే పెరుగుతుంది. కర్ణాటక ప్రభుత్వం గుట్కాను 2013లో నిషేధించింది. పొగాకు ఏ రూపంలో ఉన్నా చిగుళ్ళకు చేటే.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే: రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచును వదలకుండా, రెండు నిమిషాలు తోముకోవాలి. పళ్ళ సందులను రోజుకోసారి ఫ్లాస్‌తో గానీ సన్నని బ్రష్‌తో గానీ శుభ్రం చేసుకోవాలి. చికిత్స అయ్యాక వైద్యులు చెప్పిన గడువుకు మళ్ళీ చూపించుకోవాలి. రక్తం వస్తోందని తోముకోవడం మానకండి. రెండు వారాలు శ్రద్ధగా తోమినా రక్తం ఆగకపోతే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా దంత వైద్యుల దగ్గరికి వెళ్ళండి.