గుంజకు మేక, గంప కింద కోడి

పొద్దు గూకే వేళకు మా జేజి వామిదొడ్డిలోంచి ఒక్క కేక వేసేది. "గంప మూసినావా లేదా రా? పిల్లి కాసుకోనుండాది!"

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు మెట్టచేల ఊరు మాది. దొడ్డి అంటే పెద్దదేం కాదు. ఒక మూల గడ్డివామి, ఇంకో మూల దిబ్బ, చుట్టూ కంప, నడుమ వేపచెట్టు. చెట్టు కింద గుంజకు రెండు మేకలు. గంప కింద పిల్లలకోడి. మిగతా కోళ్లకు గోడలోనే కట్టిన గూడు, దానికి నాపబండ మూత. మేకలు మూడుకు మించేవి కావు, కోళ్లు పదికి మించేవి కావు. ఎద్దుల సంగతి తాత చూసుకునేవాడు. చేని సంగతి కరణం లెక్కల్లో ఉండేది. ఈ దొడ్డి లెక్క మాత్రం జేజిది. అది ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

పొట్టి మేకలనూ కోళ్లనూ ఒకే పెరట్లో కలిపి పెంచడం ఇప్పుడు పట్నాల్లో ముచ్చటైంది. పశ్చిమ ఆఫ్రికా పొట్టి మేక జంతుప్రదర్శనశాలల మీదుగా అమెరికా ఇళ్ల పెరళ్లకు చేరి, అక్కడ పిల్లల పెంపుడు జంతువు అయిపోయింది. బెంగాల్ నల్లమేక కూడా పొట్టిదే, కానీ దాన్ని ముచ్చటకు ఎవరూ పెంచరు, పేదింటి ఆస్తిగా పెంచుతారు. కర్నూలు, కడప జిల్లాల్లోనూ అంతే. ఇక్కడ మేకలు, గొర్రెలు కలిపి 'జీవాలు'. వందల జీవాల మందకు రొప్పం ఉంటుంది, వెంట కాపరి ఉంటాడు, చేలల్లో మంద పెట్టించుకుని గింజలిచ్చే రైతు ఉంటాడు. వాళ్ల చరిత్ర కొంతైనా రాశారు. గుంజకు కట్టిన రెండు మేకల చరిత్ర, వాటి కాళ్ల సందున తిరిగే కోడి చరిత్ర రాయాలని ఎవరికీ తోచలేదు.

ఈ రెండింటికీ జత ఎలా కుదిరిందో దొడ్డిలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. మేక పైకి చూసి తింటుంది, కోడి కిందికి చూసి తింటుంది. తుమ్మకొమ్మ, రేగికంప, వేపాకు మేక వాటా. అది వదిలిన పుల్లల కింద, పెంటికల నడుమ పుట్టిన పురుగు, రాలిన గింజ కోడి వాటా. నెమరు వేస్తూ పడుకున్న మేక చెవి దగ్గర పిడుదు కనబడితే కోడి మొహమాటపడదు, ఒక్క పొడుపు పొడిచి తీసేస్తుంది. మేక చెవి విదిలిస్తుందే గానీ లేవదు. పెంటికలూ కోడిరెట్టా రెండూ ఒకే దిబ్బకు చేరి, తొలకరికి ముందు బండెక్కి చేనికి పోతాయి.

అంత సఖ్యతలోనూ తగాదాలున్నాయి. కోళ్లకు చల్లిన జొన్నలు మేక నోట పడితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ఆకు అరిగించుకునే పొట్టకు ఒక్కసారిగా గింజ పడితే లోపల పులిసిపోతుంది. అందుకే కోళ్ల గూటికి వాకిలి జానెడే. కోడి దూరుతుంది, మేక తల పట్టదు. కోళ్లు తొట్టి అంచున కూర్చుని నీళ్లలో రెట్ట వేస్తే మేక ఆ నీళ్లు ముట్టదు, ఎండాకాలంలో ఇది చిన్న కష్టం కాదు. తల్లిమేక బెదిరి గుంజ చుట్టూ తిరిగిందంటే గిట్టల కింద కోడిపిల్లలు నలుగుతాయి. గంప పిల్లి కోసం, గద్ద కోసమే అనుకుంటాం గానీ సగం మేక కోసం కూడా. ఒక మేలు మాత్రం ఉంది. కోళ్ల కొక్కెర తెగులు మేకకు రాదు, మేకల పారుడు రోగం కోడికి రాదు. ఒక తెగులుకు దొడ్డి మొత్తం ఖాళీ కాదు.

ఈ జతలో ముందు ఈ నేలకు వచ్చింది మేకే. ఇరాన్ వైపు జాగ్రోస్ కొండల్లో దాదాపు 10,000 ఏళ్ల కిందట మచ్చికైన జంతువు అది. మన దగ్గర కొత్త రాతియుగం నాటికి పశువులు, గొర్రెలు, మేకలతో బతికిన పల్లెలు కనబడతాయి. కడప జిల్లాలో పెద్దముడియం, హనుమంతరావుపేట, కర్నూలు వైపు ఇంజేడు, రూపనగుడి. పురావస్తు పరిశోధకులు పి.సి. వెంకటసుబ్బయ్య, రవి కొరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్ ఈ చోట్ల మట్టిని నీళ్లలో తేలగట్టి, అందులో మాడిన గింజలను ఏరి చూశారు. 2004లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ల నాటి ఆ వంటింటి సరుకు చదువుతుంటే నాకు జేజి ఉట్టి గుర్తొచ్చింది. ఉలవలు మనిషికి గుగ్గిళ్లు, ఎద్దుకు దాణా. ఉలవకట్టె మాత్రం మేకకు.

కోడి కథ ఇంకాస్త చిక్కుది. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలను బట్టి, క్రీస్తుపూర్వం 1650 తర్వాత వరిచేల గింజకు ఆశపడి అడవికోడి ఇంటి దారి పట్టిందని 2022లో పరిశోధకులు చెప్పారు. ఎర్ర అడవికోడి ఒక్కటే అన్ని కోళ్లకూ మూలమని డార్విన్ నమ్మాడు. దానికి చిన్న సవరణ స్వీడన్ నుంచి వచ్చింది. 2008లో ఉప్సల విశ్వవిద్యాలయం వాళ్లు పెంపుడు కోడి కాలి పసుపు రంగును జన్యువు దాకా వెంబడించారు. అది ఎర్ర అడవికోడిది కాదని, ఎక్కువగా దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చినట్టుందని తేల్చారు. ఆ బూడిదరంగు అడవికోడి ఎక్కడుంటుంది? నల్లమలలో ఉంటుంది, శేషాచలం కొండల్లో ఉంటుంది. అంటే ఎక్కడో అమెరికా కోళ్లఫారంలో తిరిగే పెట్ట పచ్చకాళ్లకూ మన దక్షిణాది అడవులకూ చుట్టరికం ఉందన్నమాట. సంగటిలో నాటుకోడి పులుసు పోసుకునేవాళ్లు ఈ మాట ఒకసారి తలచుకుంటే తప్పులేదు.

ఇంత పాత బంధం చరిత్రకు ఎక్కాల్సిన సందర్భాలు కరువులు. ఇక్కడ కరువును ఏడాది పేరుతో పిలుస్తారు. 1876లో వాన ముఖం చాటేసిన ధాత సంవత్సరం 'ధాత కరువు' అయింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు లేకుండా పోయారు. కర్నూలు-కడప కాలువ 1871 నాటికే తవ్వి ఉన్నా కరువు ఆగలేదు. గంజి కేంద్రాల మీద, కూలి రేట్ల మీద, కంకర కొట్టించిన పనుల మీద దొరల నివేదికలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. దొడ్డి సంగతి మాత్రం వాటిలో వెతుక్కోవాలి.

మెట్టప్రాంతపు కరువు తర్కం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు పైరు పోతుంది. తర్వాత గడ్డి లేక ఎద్దులు పోతాయి. ఎద్దు పోతే మళ్లీ వాన పడ్డా సేద్యం లేదు. మేక దాకా వచ్చేసరికి కరువు కాస్త నెమ్మదిస్తుంది. గడ్డి లేకపోయినా తుమ్మకాయ ఉంటుంది, బలుసు ఉంటుంది, కంప చివర నాలుగాకులుంటాయి. మేక ముందుకాళ్లు చెట్టుకు ఆనించి నిలబడి తింటుంది. ఎద్దుకు ఆ విద్య రాదు. ఈనడానికి అయిదు నెలలు చాలు, చాలాసార్లు కవలలు. కోడికైతే 21 రోజులు. సంతకు తోలడానికి మేక, మందుకు, ఉప్పుకు, పిల్లల పుస్తకాలకు కోడి. చిన్న ప్రాణం కాబట్టే చిల్లర అవసరానికి పనికొస్తుంది. ఎద్దును సగం అమ్మలేం కదా. దొడ్డిలో జీవం లేనివాళ్లకు ఉన్నవాళ్లు పెట్టనో మేకపిల్లనో పాలుకు ఇచ్చేవాళ్లు. పుట్టిన పిల్లల్లో సగం సాకినవాళ్లవి. కాగితం ఉండదు, ఆడవాళ్ల మధ్య మాటే పత్రం.

అయినా మేకకు చెడ్డపేరు వచ్చింది, అదీ పెద్దల దగ్గర. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఊరి పక్క గుట్ట రిజర్వు అడవి అయింది. జీవం మేయాలంటే పుల్లరి. మేక విషయంలో ఇంకా కటువు. అసలు రానివ్వకపోవడమో, రానిచ్చినా ఎక్కువ రుసుము కట్టించుకోవడమో. గడ్డి తినే ఆవు మంచిది, మొలక కొరికే మేక దొంగ. ఈ తీర్పు అక్కడి నుంచే మొదలైంది. ఆ కడుపుమంట 1921లో సహాయ నిరాకరణతో కలిసింది. పల్నాటి పుల్లరి పోరు, కన్నెగంటి హనుమంతు పేరు అందరికీ తెలుసు. అదే ఏడు కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ జనం పుల్లరి కట్టకుండా పశువులను అడవిలోకి తోలారని చెప్పేవాళ్లు తక్కువ. రాయలసీమకు జరిగే మామూలు అన్యాయమే ఇది, వదిలేద్దాం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మేక ముద్దాయే. 1976 జాతీయ వ్యవసాయ కమిషన్ మేకల సంఖ్య తగ్గించమంది. తర్వాత ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన బృందం 1987లో ఇచ్చిన నివేదిక, అడవుల తరుగుకు మేకను ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడానికి ఆధారం లేదంది. తీర్పు వచ్చింది గానీ పేరు పోలేదు. కోడి మీద ఇలాంటి కేసేమీ లేదు. దాని మీద ప్రభుత్వానికి ప్రేమే ఎక్కువ. హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసమే 'వనరాజా', 'గ్రామప్రియ' తయారుచేసింది. గుడ్లు బాగా పెడతాయి. పొదగడానికి మాత్రం కూర్చోవు. పొదగని కోడి మా జేజికి కోడి కింద లెక్కకు రాదు. మేకనూ కోడినీ ఒకే వాక్యంలో పెట్టుకున్న చట్టం నాకు తెలిసి ఒక్కటే, 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం. సుంకులమ్మ గుడి ముందు అది ఏ పాటి నడిచిందో జాతరకు వెళ్లినవాళ్లెవరైనా చెబుతారు.

పుస్తకాల్లో లేకపోతేనేం, ఈ జంట మాటల్లో మిగిలింది. కర్నూలు, కడప నేలల్లో ప్రపంచమంతా వెతుక్కునే పక్షులు రెండున్నాయి, లేదా ఉండేవి. ఒకటి నందికొట్కూరు వైపు రోళ్లపాడు బీళ్లలో నడిచే బట్టమేక పిట్ట. మగది 15 కిలోల దాకా తూగుతుంది, ఎదిగిన మేకపిల్లంత. రెండోది కడప లంకమల అడవి అంచున కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే కలివికోడి. నిజానికి అది కోడి జాతి కాదు. అయినా పల్లెజనం కొత్త ప్రాణికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు దొడ్డిలోకే తొంగిచూశారు. ఒకదానికి మేకను ఇచ్చారు, ఇంకోదానికి కోడిని ఇచ్చారు.

కలివికోడిని 1848లో సైన్యపు వైద్యుడు జెర్డాన్ లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. 1988లో దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం, అదే ఏడు బట్టమేక కోసం రోళ్లపాడు అభయారణ్యం వచ్చాయి. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా కలివికోడి కోసం మార్చారు. అయినా రెండూ ఇప్పుడు కనబడటం గగనమే.

నన్ను ఆపింది మాత్రం కలివికోడి మీద 2004లో పక్షి పరిశోధకుడు జగన్నాథన్ బృందం వేసిన లెక్క. ఈ పిట్టకు కటిక అడవి వద్దు, బోడినేల కూడా వద్దు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. పూర్తిగా మేపు ఆపితే పొదలు కమ్ముకుంటాయి, అతిగా మేపితే పోతాయి. మితంగా మేసే జీవాలు, మితంగా కొట్టుకునే కట్టెలు ఉన్నచోటే ఆ పొందిక నిలుస్తుందని ఈ పరిశోధనల సారం. అడవికి శత్రువని నూరేళ్లు బయట నిలబెట్టిన మేక నోరే ఆ నేలను అలా దిద్దుతూ వచ్చిందన్నమాట.

పగలు దాగే ఆ పిట్టను వాళ్లు వెతికిన తీరు ఇంకా బాగుంది. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వచ్చి అడుగులు చూసేవాళ్లు. కలివికోడికి మూడు వేళ్లు, మూడూ ముందుకే. వెనకవేలు ఉండదు. కోడికైతే ఉంటుంది.

జేజి చీపురు పట్టకముందు మా దొడ్డి దుమ్ములో అడుగులు తెల్లవారుజామునే అచ్చుపడి ఉండేవి. గుంజ చుట్టూ వలయంగా చీలిన గిట్టల గుర్తులు, వాటిని అడ్డంగా దాటుకుంటూ మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి.