జ్వరానికి జడిసి కట్టుకున్న ఊరు

ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో కోట కోసం వెతక్కండి. రాజరికమంతా దాని ఇరుగుపొరుగు ఊళ్లలో జరిగింది. దక్షిణాన నందపురం ఉంది. 15వ శతాబ్దంలో వినాయక దేవుతో మొదలైన సూర్యవంశం వారి తొలి రాజధాని అదే. విక్రమార్కుడికి ఉన్నట్టే ఆ రాజులకీ 32 మెట్ల సింహాసనం ఉండేదని అక్కడివాళ్లు చెబుతారు. 17వ శతాబ్దంలో వీరవిక్రమ దేవు రాజధానిని పడమటి వైపు పల్లంలో ఉన్న జయపురానికి మార్చాడు. నందపురం చిన్న ఊరైపోయింది.

అప్పటికి కొరాపుట్ లెక్కలోనే లేదు. 1863లో మద్రాసు ప్రభుత్వం విశాఖపట్నం జిల్లా మన్యాన్ని నేరుగా చూసుకోవడానికి జయపురంలో ఒక అసిస్టెంట్ ఏజెంటును కూర్చోబెట్టింది. రాజుగారితో సర్దుకోవచ్చు గాని, మన్యం జ్వరంతో ఎలా సర్దుకుంటారు? దొరలూ, గుమస్తాలూ మూలుగుతూ మంచాలెక్కారు. దాంతో 1870లో కచేరీని పాతిక కిలోమీటర్ల దూరం కూడా లేని కొరాపుట్‌కి ఎత్తేశారు. జయపురం కంటే 200 మీటర్లకు పైగా ఎత్తు, చల్లటి చోటు. చెడుగాలే జ్వరానికి మూలమని నమ్మిన కాలం కదా! మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో.

తీరా చూస్తే ఎత్తుకి పోయినా జ్వరం వదల్లేదు. ఈ కొండల్లో మలేరియాను మోసేవాటిలో ముఖ్యమైనది ఫ్లువియాటిలిస్ దోమ. దానికి మురికిగుంట అక్కర్లేదు, మెల్లగా పారే తేటనీటి అంచు చాలు. కొరాపుట్ చుట్టూ ఉన్నవి అలాంటి గెడ్డలే. కొండల నడుమ గెడ్డ పారే పల్లానికి అడ్డంగా గట్లు వేసి, మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి పండిస్తారు. ఆ పొలాన్ని జోలా అంటారు. పై మడి నిండితే నీరు కింది మడిలోకి జారుతుంది. గెడ్డ ఎండనంతకాలం తడికి కొదవ లేదు. వందల రకాల నాటు వడ్లను కాపాడిన ఈ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు సరే, వరికి తడి పెట్టే ఆ పారే నీళ్లే దోమకీ పుట్టిల్లు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, కొరాపుట్ అందులో కలిసింది. 1992 అక్టోబరు 2న రాయగడ దాన్నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. సరిహద్దు గీతలు మారినా దారులు మారలేదు. నాగావళి రాయగడ పక్కనుంచి శ్రీకాకుళానికే దిగుతుంది. సుంకి ఘాటు రోడ్డు సాలూరుకే దిగుతుంది. రాయగడ బజారులో తెలుగు లేకుండా బేరం సాగడం కష్టం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమ దేవ వర్మ ఏలింది ఈ జయపురాన్నే. ఆ పరిషత్తు సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

కొరాపుట్‌కిప్పుడు సొంత వైద్య కళాశాల ఉంది, స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ పేరు మీద. పెద్ద జబ్బు చేస్తే మాత్రం చాలామంది ఇప్పటికీ విశాఖ బండే ఎక్కుతారు.