సవరసీమలో గిడుగు పంతులుగారు

పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య దూరమంటూ చెప్పుకోదగినది లేదు. నడుమ మహేంద్రతనయ అనే చిన్న నది మాత్రం ఉన్నది. పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోని ఊరు. పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వం ఈ భేదం లేదు. రెండూ గంజాం జిల్లాలోనివే, రెండూ మదరాసు రాజధానిలోనివే. ఈ రెండు ఊళ్లకూ వెనుక, ఉత్తరాన, పడమరన కనిపించే కొండలు సవరలవి. ఆ కొండలకూ ఈ ఊళ్లకూ మధ్య అయిదున్నర దశాబ్దాలపాటు వారధివలె నిలిచిన ఒక ఉపాధ్యాయుని జీవితాన్ని ఈ ప్రసంగంలో స్మరించుకుందాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే మనకు వాడుకభాష ఉద్యమం స్ఫురిస్తుంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ ఉద్యమ చరిత్రను పెద్దలు పలుమారులు వ్రాశారు. అయితే ఆ ఉద్యమానికి విత్తనం ఎక్కడ పడింది? పండితుల సభలలో కాదు, సవర గూడేలలో పడిందని మా అభిప్రాయం. తెలుగువారికి తమ నోటిమాట విలువను తెలియజెప్పిన పెద్దమనిషి, నోటిమాటకు విలువ ఉన్నదన్న సంగతిని తెలుగు రాని వారివద్ద నేర్చుకున్నారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి సమీపాన, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు విజయనగరం సంస్థానంలో రెవిన్యూ ఉద్యోగి. 1875లో ఆయన విషజ్వరంతో మరణించారు. అప్పటికి కుమారునికి పన్నెండేళ్లు. తరువాత చదువు విజయనగరంలో, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో సాగింది. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయులు. మెట్రిక్యులేషను పూర్తికాగానే, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయ పదవి లభించింది. జీతం నెలకు 30 రూపాయలు. నౌపడ నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు నడవడం 1900లో మొదలయింది. అంటే ఆ పదిహేడేళ్ల యువకుడు ఇంకా రైలు ఎరగని సీమకు వచ్చి కాపురం పెట్టాడన్నమాట. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు.

పందొమ్మిదవ శతాబ్దం ప్రపంచమంతటా కొత్త సీమలకు తరలిపోయిన వారి శతాబ్దం. 1847లో అమెరికాలో మోర్మన్ మతస్థులు వెయ్యి మైళ్లకు పైగా బండ్లమీద ప్రయాణం చేసి, ఉప్పునీటి సరస్సు ప్రక్కనున్న ఒక ఎండులోయలో దిగి, కాలువలు త్రవ్వి, ఊళ్లు కట్టి, బడులు పెట్టారు. ఇంగ్లీషు చదువు సులభం కావాలని డెసెరెట్ అనే ఒక కొత్త లిపిని సైతం కల్పించుకున్నారు. ఆ లిపి నిలువలేదుగాని ఆ ఊళ్లు నిలిచాయి. వారి కష్టం మెచ్చదగినదే. కాని ఆ సీమలో అంతకు పూర్వమే యూట్, షోషోనీ జాతులవారు నివసిస్తూ ఉండేవారని చరిత్ర చెబుతున్నది. కొత్త సీమకు వెళ్లినవాడు అక్కడ అదివరకే ఉన్నవారి యెడల ఎట్లా ప్రవర్తించాడన్నది ప్రతి మార్గదర్శికీ ఎదురయ్యే పరీక్ష. ఆ పరీక్షలో రామమూర్తి పంతులుగారు ఎట్లా నెగ్గారో చూతము.

సవరలు అతి ప్రాచీన జాతి. ఐతరేయ బ్రాహ్మణంలో శబరుల ప్రసక్తి కలదు. కొండవాలున పోడు చేసుకోవడం, అడవి సరుకును సంతకు దింపి ఉప్పు, బట్ట కొనుక్కోవడం వారి జీవనవిధానం. సంతలో షావుకారు భాష తెలుగో ఒడియానో అయ్యేది. కచేరీలో కాగితం భాష ఇంగ్లీషు. సవర మాట ఎక్కడా చెల్లేది కాదు. తన తగవు తాను చెప్పుకోవాలన్నా మధ్యవర్తి నోటిమీద ఆధారపడవలసినవాడు ఏమి నష్టపోతాడో వేరుగా వివరించనక్కరలేదు. వారికి చదువు లేదు గనుక ఈ గతి పట్టిందని లోకులు అనేవారు. ఏ భాషలో చదువు? ఈ ప్రశ్న వేసినవారు అరుదు.

పంతులుగారు ఆ ప్రశ్న వేసుకున్నారు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాము సవర నేర్చుకోవాలని నిశ్చయించారు. ఆ భాషకు లిపి లేదు. తెలుగువారికి పనికివచ్చే వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంట పెట్టుకుని, అతని నోటివెంట వచ్చిన ప్రతి మాటనూ విని, పలికి, వ్రాసుకున్నారు. తరువాత తామే కొండలెక్కి గూడేలలో తిరిగారు. తరగతిలో గురువుగా కూర్చున్నవారు గూడెంలో శిష్యులై కూర్చున్నారు.

ఆ భాష ఎంత విలక్షణమైనదో ఒకటి రెండు ఉదాహరణలు చెప్పుకుంటే శ్రోతలకు బోధపడుతుంది. సవర మన భాషకు చుట్టం కాదు. అది ముండా భాషలలో ఒకటి. లెక్క విషయం చూడండి. మనం పదికి కట్ట కడతాము. సవరలు పన్నెండుకు ఒక కట్ట, ఇరవైకి ఒక కట్ట కడతారు. పదమూడు అంటే వారికి పన్నెండూ ఒకటి. ముప్పైమూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. మన వాచకం పట్టుకుని వెళ్లిన పంతులు, సవర పిల్లవానికి లెక్క రాదని తీర్పు చెప్పవచ్చు. ఆ పిల్లవానికి లెక్క వచ్చును. పంతులుకే ఆ లెక్క రాదు. అట్లే, కర్మపదాన్ని క్రియలో ఇమిడ్చి ఒకే మాటగా పలకడం ఆ భాషలో సర్వసాధారణం. గొంతుకలో ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి పలికే ధ్వనులున్నాయి. వాటికి మన అక్షరమాలలో అక్షరాలు లేవు. ఇవన్నీ చెవితో పట్టుకోవలసినవే.

ఇంత నియమబద్ధమైన భాషను ఒక్క అక్షరమైనా వ్రాయడం రానివారు తరతరాలుగా తప్పులేకుండా మాట్లాడుతున్నారు. వ్యాకరణం పుస్తకంలో పుట్టదనీ, ప్రజల నోట ఉన్నదానినే పుస్తకం చూచి వ్రాసుకుంటుందనీ పంతులుగారికి ఇక్కడ ప్రత్యక్షమయింది. తరువాతి కాలంలో ఆయన పండితులతో చేసిన వాదమంతా ఈ అనుభవానికి వ్యాఖ్యానమే.

ఈ పరిశ్రమకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆ అడవులు చలిజ్వరాలకు పేరుపడినవి. సవర గూడేలలో తిరుగుతూ పంతులుగారు జ్వరం పాలయ్యారు. దానికి క్వినైను మందు అధికంగా పుచ్చుకోవలసి వచ్చింది. ఆ మందు ఆయన వినికిడిని దెబ్బ తీసింది. చెవితో ఒక భాషను పట్టుకోబోయిన మనిషికి చెవే లేకుండా పోయింది. అయినా పని మానలేదు. గట్టిగా చెప్పించుకున్నారు, మళ్లీ చెప్పించుకున్నారు, వ్రాసుకున్నారు. మాటను గాలిలోకి వదలి బ్రతికే మా రేడియోవారికి ఈ ఘట్టం చదివినప్పుడల్లా తల వంగుతుంది.

సవర భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. బడిపంతులు సంపాదనతో ఇంకొక బడిని పోషించడమంటే ఆ కుటుంబం ఎన్ని కోరికలను చంపుకున్నదో ఊహించుకోవచ్చు. 1909లో థర్‌స్టన్‌దొర దక్షిణదేశపు కులాలను, జాతులను గురించి ఏడు సంపుటాల గ్రంథం ప్రకటించినప్పుడు సవరల ప్రకరణానికి పంతులుగారు సమకూర్చిన సమాచారం ఎంతగానో ఉపకరించింది. 1913లో ప్రభుత్వం రావుసాహెబు బిరుదునిచ్చింది. ఆయన కూర్చిన సవర వ్యాకరణాన్ని మదరాసు ప్రభుత్వం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను అచ్చువేసింది. కొన్ని దశాబ్దాల శ్రమ ఆ రెండు గ్రంథాలు. కుమారులు గిడుగు సీతాపతిగారు ఆ కృషిలో తండ్రికి తోడై, ఆయన తరువాత దానిని కొనసాగించారు.

చరిత్ర బోధకులుగా పంతులుగారు చేసిన మరొక సేవను ఇక్కడే పేర్కొనాలి. ముఖలింగం ఆలయాలలోని శాసనాలను చదవడం ఆయన తమంతట తాము నేర్చుకున్నారు. నరసన్నపేట ప్రాంతాన నడగాములో దొరికిన వజ్రహస్తుని తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించారు. ఆ శాసనకాలం శకవర్షం 979, అనగా క్రీ.శ. 1057–58. ప్రాచీన గాంగుల రాజధానియైన కళింగనగరం ముఖలింగమేనని వాదించినవారిలో ఆయన ముఖ్యులు. రాతిపలకమీది అక్షరమైనా, సవర నోటిలోని మాటయైనా, ఉన్నదానిని ఉన్నట్లు చదవాలన్నదే ఆయన పద్ధతి.

1907లో యేట్స్‌దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. బడులలో తెలుగు చెప్పే తీరు చూచి, పిల్లలు మాట్లాడే తెలుగు వేరు, వ్రాసే తెలుగు వేరు ఎందుకయిందని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలో కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు గురజాడ, గిడుగులే దానికి సమాధానం చెప్పగలవారన్నారు. ఆనాటికి పంతులుగారు మాట్లాడే భాషను శాస్త్రదృష్టితో చూడడంలో ఆరితేరి ఉన్నారు. 1911లో ఉద్యోగ విరమణ చేసి పూర్తిగా ఆ కృషికి దిగారు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్యపంతులుగారు ప్రతిపక్షంగా నిలిచారు. వాడుకభాషలో పరీక్షావ్యాసం వ్రాయవచ్చునన్న ఉత్తర్వు రావడం, అది మళ్లీ రద్దు కావడం జరిగింది. 1915లో గురజాడవారు కన్నుమూశారు. 1919లో కందుకూరి వీరేశలింగంగారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసింది. ఆ యేడే పంతులుగారు ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపారు. పర్లాకిమిడిలో ఆయనవద్ద చదువుకున్న తాపీ ధర్మారావుగారు పత్రికారంగంలో గురువుగారి బాట పట్టారు.

ఇంతలో రాష్ట్రాల సరిహద్దుల సమస్య వచ్చిపడింది. ఒడియావారు తమకొక రాష్ట్రం కావాలని కోరడంలో అన్యాయం లేదు. ఆ కోరికకు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతిగారే నాయకులు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పర్లాకిమిడి రెండు భాషలకూ ఇల్లయిన ఊరు. అక్కడి తెలుగువారి పక్షాన పంతులుగారు ప్రతిఘటించారు. ఫలించలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. పాతపట్నం ఇవతల మదరాసు రాజధానిలో ఉండిపోయింది. డెబ్బైమూడవ ఏట, యాభైయారేళ్ల కాపురాన్ని వదలుకొని, పంతులుగారు రాజమహేంద్రవరం వెళ్లిపోయారు.

ఆ నిర్ణయాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? అభిమానమని కొందరు, పంతమని కొందరు అనవచ్చు. ఆయన వదలివెళ్లినది తెలుగు వీధినే కాదు. సవర కొండలను కూడా. ఆ సరిహద్దు గీత సవరలను సైతం రెండు రాష్ట్రాలకు పంచింది. వారి అభిప్రాయం అడిగినవారు లేరు. విచిత్రమేమంటే, అదే 1936లో సవరలలోనే పుట్టిన మంగేయి గొమాంగో తమ భాషకు ‘సోరా సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించారు. పంతులుగారు కొండ దిగిన యేడే సవర భాష తన కలాన్ని తానే చేతబట్టింది. తన ఉపకారం అవసరం లేని స్థితికి శిష్యుడు రావడమే గురువుకు దక్కే ఫలమైతే, ఆ ఫలం ఆయనకు దక్కినట్లే.

1940 జనవరి 22న పంతులుగారు మదరాసులో దివంగతులయ్యారు. అంతకు ఏడాదిన్నర పూర్వమే, 1938 జూన్‌లో, ఆ నగరంలో రేడియో కేంద్రం ఆరంభమయింది. పుస్తకం చదువుకున్నవానికే అందుతుంది. రేడియో చదువురాని ఇంటికి కూడా వెళుతుంది. అక్కడ గ్రంథాలలోని భాష అక్కరకు రాదు. వార్తలు చదివినా, రైతులకు వాన కబురు చెప్పినా, నేడు మేము మాట్లాడుతున్న తెలుగు ఆయన పోరాడి సాధించిపెట్టినదే.

ఇక సవరల మాట. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన బాలబాలికలకు మాతృభాషలో తొలి పాఠాలు చెప్పే కార్యక్రమం మొదలయినప్పుడు అందులో సవర భాషకూ చోటు దొరికింది. పర్లాకిమిడి బడిపంతులు సొంత ఖర్చుతో చేసి చూపినది ప్రభుత్వవిధానం కావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. తెలుగు భాషా దినోత్సవంనాడు మనం ఆయన చిత్రపటానికి దండ వేస్తాము. మన భాషను మనం గౌరవించుకోవడం ఆయన చెప్పినదానిలో సగం. ప్రక్క కొండమీది వాని భాషను విని నేర్చుకోవడం తక్కిన సగం; ఆయన జీవితంలో ముందు వచ్చినది అదే.